మీకు తెలుసా? బబుల్ జెట్ ముద్రణ పుట్టింది సిరంజి సూది దగ్గరే

పెద్ద సీసాలో ఇంకు కొని, ఖాళీ కార్ట్రిడ్జ్‌లోకి సిరంజితో ఎక్కించుకునే వాళ్లంతా తెలుసుకోవాల్సిన ముచ్చట ఇది. 1977లో జపాన్‌లోని కెనాన్ ప్రయోగశాలలో కాలుతున్న సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలింది. సూది కొసనుంచి ఇంకు చిమ్మింది. ఇంజనీరు ఇచిరో ఎండో ఆ చిమ్మడంలోని సూత్రాన్ని పట్టుకున్నారు. బబుల్ జెట్ ముద్రణకు అదే నాంది.

కెనాన్, హెచ్‌పీ ఇంటి ప్రింటర్లలో చాలావరకు ఇప్పటికీ అదే పద్ధతి. సన్నని హీటరు ఇంకును రెప్పపాటుకన్నా వేగంగా మరిగిస్తుంది. ఆవిరి బుడగ ఒక్క చుక్కను కాగితం మీదికి తోస్తుంది. ఆ హీటరును చల్లబరిచేదీ ఇంకే! అందుకే పూర్తిగా ఎండిపోయేదాకా ముద్రిస్తే ప్రింట్ హెడ్డు మాడిపోయే ప్రమాదం ఉంది. అక్షరాలు వెలవెలబోవడం మొదలవగానే నింపేయాలి.

చాలా కార్ట్రిడ్జ్‌లలో లోపల స్పాంజి ఉంటుంది. ఇంకు కారిపోకుండా పట్టి ఉంచేది అదే. నెమ్మదిగా ఎక్కించండి, పొంగేదాకా మాత్రం వద్దు. పిగ్మెంట్ ఇంకునూ డై ఇంకునూ ఎన్నడూ కలపవద్దు. గడ్డకడితే, వెంట్రుకకన్నా సన్నని నాజిల్ రంధ్రాలు మూసుకుపోతాయి.