బ్లూబెర్రీ వచ్చింది... నేరేడును మరవకండి!

ఈమధ్య బెంగళూరు నుంచి మా మదనపల్లెకు వచ్చే చుట్టాల సంచుల్లో కొత్త పండొకటి కనిపిస్తోంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నీలిరంగు గుండ్లు. పేరు బ్లూబెర్రీ. మొన్న మా చెల్లెలు తెచ్చిన 125 గ్రాముల డబ్బా మీద ధర చూసి మా అత్తయ్య, "ఈ డబ్బుకు బుట్టెడు నేరేడుపండ్లు రావూ?" అన్నారు. అందరం నవ్వాం గానీ, ఆవిడ మాటలో నిజం లేకపోలేదు.

బ్లూబెర్రీ పుట్టిల్లు ఉత్తర అమెరికా. అడవి పొదల్లో కాసే ఈ పండును తోటకు తెచ్చినవారిలో ఓ స్త్రీ ఉంది. న్యూజెర్సీకి చెందిన ఎలిజబెత్ వైట్, వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్‌తో కలిసి పనిచేసి 1916లో తొలి పంటను అమ్మకానికి పంపింది. పెద్ద కాయలు కాసే పొదలు ఎక్కడున్నాయో అడవిలో కాయలేరుకునే వాళ్లనే అడిగి తెలుసుకుని, ఆ పొదలకు వాళ్ల పేర్లే పెట్టింది. మరి మనకు నేరేడుపండ్లు ఏరి తెచ్చే ఆడవాళ్ల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

రెండు పండ్లకూ బంధుత్వం లేదు. అయినా రెండింటికీ ఊదారంగు ఇచ్చేది ఆంథోసయనిన్లనే పదార్థాలే. వంద గ్రాములు తింటే రెండింటిలోనూ దాదాపు 60 కేలరీలే. విటమిన్ సి బ్లూబెర్రీలో సుమారు 10 మిల్లీగ్రాములుంటే, నేరేడులో 14 దాకా ఉంటుంది. అంటే ఖరీదు ఎక్కువైనంత మాత్రాన బలం ఎక్కువని కాదన్నమాట!

కొనేటప్పుడు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. బ్లూబెర్రీ డబ్బాను తిరగేసి చూడండి. అడుగున రసం మరకలుంటే వద్దు. పండు మీద బూడిద పూసినట్టు తెల్లటి పొర ఉంటే తాజాదని గుర్తు. ఎర్రగా ఉన్నవి పచ్చివి. కోశాక అవి తియ్యబడవు. తినబోయే ముందే కడగాలి. ముందే కడిగి ఫ్రిజ్‌లో పెడితే బూజు పడుతుంది.

నేరేడు సంగతి వేరు. జూన్, జూలైలలో బుట్టల్లో వస్తుంది. నిగనిగలాడుతూ, తొడిమ దగ్గర కూడా నల్లగా ఉన్నవి ఏరుకోండి. నొక్కి చూడబోతే మా వీధికొచ్చే అవ్వ ఊరుకోదు. "పిసకబాకమ్మా, ఒకటి నోట్లో ఏసుకో, నీకే తెలస్తాది" అంటుంది. ఆ పండు ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. సాయంత్రానికి మిగిలితే ఆమెకే నష్టం. పెద్ద దుకాణంలో డబ్బా ధరకు నోరెత్తని మనం ఆమె దగ్గర ఐదు రూపాయలకు బేరమాడటం న్యాయమేనా?

కుప్పం వైపు తమిళం మాట్లాడే ఇళ్లలో నేరేడును 'నావల్ పళం' అంటారు. చెట్టెక్కిన కుర్రవాడి రూపంలో మురుగన్ పండ్లు రాల్చితే, అవ్వైయార్ ఇసుక ఊదుకుంటూ తిందట. "అంత వేడిగా ఉన్నాయా పాటీ?" అని ఆటపట్టించాడట స్వామి. మనం మాత్రం ఊది ఊరుకోకుండా ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి కడుగుదాం!

ఇక వంటింట్లోకి. గింజ తీసిన నేరేడు గుజ్జులో ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు కారం వేసి గిలక్కొట్టిన పెరుగులో కలిపితే పెరుగుపచ్చడి సిద్ధం. రాగిసంగటి పక్కన భలేగా ఉంటుంది. చల్లారిన రాగిజావలో, దద్దోజనంలో ఏ పండైనా గుప్పెడు వేయవచ్చు. నేరేడైతే గింజ తీయడం మరవకండి, పిల్లల గొంతుకు అడ్డంపడుతుంది. బట్టల మీద మరక పడితే వెంటనే చన్నీళ్లతో జాడించి నిమ్మచెక్కతో రుద్దండి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పుంగనూరులో మా పిన్ని ఎవరో చెప్పారని షుగరు మాత్రలు మానేసి నేరేడుగింజల పొడి తాగింది. నెలకే కళ్లు తిరిగి పడిపోయింది. పరీక్ష చేయిస్తే షుగరు బాగా పెరిగిపోయి ఉంది. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాకే కోలుకుంది. పండు పండే, మందు మందే. షుగరున్న వాళ్లు ఎంత తినవచ్చో డాక్టరునే అడగండి. మాత్ర మాత్రం సొంతంగా మానకండి.

చుట్టాలు బ్లూబెర్రీ తెస్తే సంతోషంగా తిందాం. కానీ పిల్లలకు మన పండు రుచి కూడా తెలియాలి కదా! పెరట్లో చోటుంటే ఓ నేరేడు అంటుమొక్క నాటండి. ఆరేడేళ్లలో కాపుకొస్తుంది. అప్పటిదాకా బుట్టతో వచ్చే అవ్వను గుమ్మంలోంచే పంపేయకండి!