చీనాలో గ్రామపరిశీలనము

చీనా సంఘమున గలుగు మార్పుల నరయుటకై విశ్వవిద్యాలయ విద్యార్థులు వేసవిలో యాత్రలు చేయుదురు. అట్టివారు దేనిని, ఎట్లు చూడవలయునో ఫే షియావోతుంగ్ పండితుని కృషివలన తెలియగలదు.

ఈయన చింగ్‌హ్వా విశ్వవిద్యాలయమున చదువు ముగించి, లండనునకు పోవుటకు ముందు, 1936 వేసవిలో రమారమి రెండుమాసములు తాయీ సరస్సు చెంతనున్న కాయ్‌షియెన్‌కుంగ్ గ్రామమున నుండెను. అచ్చటి రైతులకు సేద్యమొక్కటియే చాలదు. పట్టు రెండవ యాధారము. పట్టువెల పడిపోగా గృహవృత్తి క్షీణించెను, అప్పులు పెరిగెను. సహకారపద్ధతిని నెలకొల్పిన పట్టుయంత్రశాల కొంత యూతయయ్యెను. ఈ పరిశోధనము 1939లో ఆంగ్లగ్రంథముగా వెలువడెను.

1957లో ఆయన మరల నాయూరికే పోయెను. పంట పెరిగినను, ఉపవృత్తులు సన్నగిల్లుటచే రాబడి తగినట్లు పెరుగలేదని వ్రాసెను. ఆ యేడే ఆయనపై మితవాదియను నింద పడెను. అయినను 1981లో మూడవమారు పోయి, ఉపవృత్తులు తిరిగి తలయెత్తుట గాంచెను.

మార్పనునది రెండుకాలములను పోల్చినగాని తెలియదు. కావున పదినగరములను చుట్టివచ్చుటకంటె, పూర్వులు వర్ణించిన యొక్కగ్రామమును, వారి గ్రంథము చదివి, దర్శించుట మేలు. అట్లైన నొక్క వేసవియైనను సార్థకమగును.