'బీప్' మన్న చోట తవ్వితే...

అమ్మానాన్నల్ని ఆరు నెలలకని ఇక్కడికి రప్పించుకుంటాం. మనం ఆఫీసుకీ, పిల్లలు స్కూలుకీ పోతే వాళ్ళు కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంటారు. ఈ బాధ మన పాఠకుల్లో చాలామందికి తెలిసిందే. న్యూజెర్సీలో ఉంటున్న మాకు కిందటి వేసవిలో దీనికో విరుగుడు దొరికింది. మా అబ్బాయి పుట్టినరోజుకి కొన్న చవకరకం మెటల్ డిటెక్టర్! వాడు రెండు రోజుల్లో మూల పడేశాడు, నాన్నగారు అందుకున్నారు.

నాన్నగారిది కాకినాడ దగ్గరి ఉప్పాడ. అక్కడ సముద్రం ఏటేటా ఊరిని కోసుకుపోతోంది. తుపాను వెలిశాక జనం బంగారు రవ్వల కోసం ఒడ్డంతా గాలిస్తారు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఈ సంగతి పేపర్లకీ ఎక్కింది. అలలు మింగిన ఇళ్ళలోదీ, గుళ్ళలోదీ ఆ బంగారమని అక్కడివాళ్ళ నమ్మకం. "మేం ఒట్టి చేతుల్తో వెతికేవాళ్ళంరా, దీనికి మిషను కూడానా!" అని నవ్వారు గానీ, శనివారం అందరికంటే ముందు కారెక్కింది ఆయనే.

కర్ర చివరనున్న తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఇసుకలో లోహం ఉంటే అందులో చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని పసిగట్టి యంత్రం కూస్తుంది. జర్మనీ నుంచి అమెరికాకి వలస వచ్చిన ఇంజనీరు గెర్హార్డ్ ఫిషర్ 1937లో ఇలాంటి యంత్రానికి పేటెంటు పొందాడు. అన్నట్టు, ఉప్పునీటితో తడిసిన ఇసుక మీద చవక యంత్రాలు ఊరికే అరుస్తాయి. జనం తువ్వాళ్ళు పరుచుకునే పొడి ఇసుకే మేలు. అక్కడా బంగారు ఉంగరానికీ, కోక్ డబ్బా రింగుకీ కూత దాదాపు ఒకటే! తొలిరోజు మాకు దక్కినవి పదకొండు డబ్బా రింగులు, మూడు క్వార్టర్లు, ఒక తుప్పు మేకు.

వెళ్ళేముందు ఆ బీచి ఎవరిదో కనుక్కోండి. మనకి దగ్గర్లోని శాండీ హుక్ నేషనల్ పార్క్ సర్వీసు చేతిలో ఉంది. అలాంటి చోట్ల డిటెక్టర్ వాడటమే కాదు, చేతపట్టుకు తిరగడమూ నేరమే. స్టేట్ పార్కుల్లో, ఊళ్ళ బీచీల్లో ఎక్కడి నియమం అక్కడిదే. వీసాల మీద ఉన్నవాళ్ళం, సరదా కోసం కేసులెందుకు? మేం ఒక ఊరి బీచికి, ముందే ఫోన్ చేసి అడిగి వెళ్ళాం.

మూడో వారం నాన్నగారు తవ్విన గుంటలో ఉంగరం తేలింది. లోపలివైపు రెండక్షరాలు, ఒక తేదీ. చల్లటి నీళ్ళలో వేళ్ళు కుంచించుకుపోయి ఉంగరాలు జారిపోతాయట. "దొరికినవాళ్ళదే కదా తాతయ్యా!" అన్నాడు మావాడు.

"పెళ్ళి ఉంగరంరా. ఇంటికి తీసుకెళ్తే నాకు నిద్ర పడుతుందా?"

కాలిఫోర్నియాలోనైతే 100 డాలర్లూ ఆపైన విలువైనది దొరికి, ఎవరిదో తెలియకపోతే పోలీసులకి ఇవ్వాలని చట్టమే ఉంది. మేమూ ఆ ఊరి పోలీసులకే ఇచ్చి రసీదు తీసుకున్నాం.

నాన్నగారు అక్టోబరులో వెళ్ళిపోయారు. ఇప్పుడు ఫోన్ ఎత్తగానే మా క్షేమం కన్నా ముందు అడిగేది ఒకటే: "ఆ ఉంగరం వాళ్ళొచ్చారేంట్రా?"