నిలువు ఏరియల్ కింద ఆ తీగలెందుకు?

విజయవాడలో ఏ డాబా మీదైనా 5 మీటర్ల అల్యూమినియం కడ్డీ నిటారుగా నిలబడి, దాని మొదట్లోంచి నాలుగు తీగలు ఏటవాలుగా దిగుతూ కనిపిస్తే, అది హామ్ రేడియో (అభిరుచితో నడిపే రేడియో) ఏరియల్ కావచ్చు. కబురు పంపేది కడ్డీ కదా, మరి ఆ తీగలెందుకు?

దండెం తాడు ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస పట్టుకుని విదిలించి చూడండి. అల పరుగెత్తి వెళ్లి, ముడి దగ్గర తగిలి మీ చేతికే తిరిగొస్తుంది. ఆ తాడుకు లావుపాటి మోకు ముడేసి విదిలిస్తే కొంత అల మోకులోకి పోతుంది, కొంత వెనక్కొస్తుంది. రెండూ ఒకే లావైతే అల సాఫీగా సాగిపోతుంది.

రేడియో నుంచి కడ్డీకి అలను మోసుకెళ్లే కేబుల్‌లోనూ ఇంతే. అక్కడ ఆ 'లావు'ను ఓమ్‌లలో చెబుతారు. హామ్‌లు ఎక్కువగా వాడే కేబుల్ 50 ఓమ్‌లు. ఇక హామ్‌లు వాడే 14 మెగాహెర్ట్జ్ అల పొడవు సుమారు 21 మీటర్లు. కడ్డీ అందులో నాలుగో వంతు. కింది తీగల్ని అడ్డంగా చాపితే కడ్డీ 'లావు' 36 ఓమ్‌ల దగ్గరుంటుంది. వాటిని సుమారు 45 డిగ్రీలు కిందికి వంచితే 50కి చేరువవుతుంది! ఆ ఏటవాలు అందం కోసం కాదన్నమాట.

పైగా కరెంటుకు రెండో దారి కావాలి. కేబుల్ నడిమి తీగ కడ్డీకి, చుట్టూ ఉన్న అల్లిక ఈ తీగలకు కలుస్తాయి. కడ్డీని నేలమీదే నిలబెడితే భూమి సాయపడుతుంది. మన కృష్ణా డెల్టా తడి నల్లమట్టి పొడి ఇసుక కంటే ఈ పనికి నయం. అయినా తీగలు పరవాల్సిందే.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు టెలిఫోన్ తీగలు తెగిపోయాయి. అలాంటి వేళ బ్యాటరీ, రేడియో, ఈ కడ్డీ ఉంటే కబురు దాటుతుంది. మన దేశంలో 12 ఏళ్లు నిండితే హామ్ లైసెన్సు పరీక్ష రాయొచ్చు. కడ్డీ ఎత్తేటప్పుడు మాత్రం పెద్దల్ని తోడు పెట్టుకోండి, కరెంటు తీగలకు దూరంగా ఉండండి.