మెరిట్‌కు మడిలోనే మొదలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే బస్సులో కూర్చుంటే, నాట్ల కాలంలో కిటికీకి ఇరువైపులా వంగిన నడుములే కనిపిస్తాయి. మా అమ్మ నడుము కూడా ఆ వరుసల్లో వంగినదే. నేను కడుపులో ఉండగా నెలలు నిండేదాకా నాట్లు వేశానని గొప్పగా చెప్పుకునేది. అప్పుడేం తిన్నావని నేనడిగింది చాలా ఏళ్ల తరువాత. 'అన్నం, గొడ్డుకారం' అంది. కేసీ కెనాల్ కింద ఆమె నాటిన సోనా మసూరి బస్తాలకెక్కి పట్నాలకు పోయింది. ఆమె కంచంలోకి వచ్చింది రేషన్ బియ్యం.

మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాడీనాళం పిండం ఏర్పడిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. తాను గర్భిణినని అప్పటికి చాలామంది తల్లులకు తెలియనే తెలియదు. ఆ సరికే ఒంట్లో ఫోలిక్ యాసిడ్ ఉండాలి. ఆ తరువాత నాడీతంతువులకు మైలిన్ పొర కట్టడానికీ, జ్ఞాపకానికి నెలవైన హిప్పోకాంపస్ ఎదగడానికీ ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనులే. ఆకుకూరలు తినమ్మా అని సలహా ఇస్తారు. ఆకులోని ఇనుము కన్నా మాంసంలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చౌకగా దొరికే ఆ పెద్దకూరను అపవిత్రమన్నదెవరు?

ఇక్కడొక ప్రమాదం ఉంది. 'వాళ్ల పిల్లల మెదడే అంత' అనడానికి ఈ మాటలనే వాడుకునేవారు ఉంటారు. వారికి హాలండ్‌ను చూపాలి. 1944-45 చలికాలంలో నాజీల దిగ్బంధంతో అక్కడ కరువొచ్చింది. ఆ కరువు తీవ్రంగా ఉన్నప్పుడు కడుపున పడినవారిలో స్కిజోఫ్రీనియా ఎక్కువగా కనిపించింది. వారిది ఏ కులం? ఆకలి ఎవరి కడుపునైనా ఒకేలా కాలుస్తుంది. మన దేశంలో ఆ ఆకలిని తరతరాలుగా కొన్ని వాడలకే పంచిపెట్టారు. పైగా, పుట్టాక కూడా మెదడు ఎదుగుతూనే ఉంటుంది. తిండీ చదువూ అందితే లోటు చాలావరకు పూడుతుంది. రిజర్వేషన్ అడిగేది ఆ అవకాశాన్నే.

ప్రభుత్వోద్యోగినికి జీతంతో ఆరు నెలల ప్రసూతి సెలవు ఉంది. అది న్యాయమే. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు కనీసం 6,000 రూపాయలు ఇస్తానంది. 2017లో వచ్చిన మాతృవందన పథకం దాన్ని మొదటి కాన్పుకు 5,000కు కుదించింది. రెండో కాన్పుకు ఇవ్వాలంటే ఆడపిల్ల పుట్టాలన్న నిబంధన తరువాత చేరింది. మడిలో వంగిన మనిషికి ఆ డబ్బు ఎన్నాళ్ల కూలి? చివరి మూడు నెలలైనా పూర్తి కూలి ఇంటికి చేరితే తప్ప ఆ నడుము పైకి లేవదు.