ఉప్పురాయి గుట్టు

నౌపడ మడుల నుంచో, చినగంజాం కొఠార్ల నుంచో వచ్చిన కళ్లుప్పులో ఒక పెద్ద రాయి ఏరి, బండ మీద పెట్టి చిన్న దెబ్బ వేయండి. పెళుక్కున పగులుతుంది. పగిలిన ముక్కను వెలుతురులో తిప్పి చూస్తే కత్తితో కోసినట్టు నున్నటి పలకలు, నిటారు మూలలు కనిపిస్తాయి. అదే రాగితీగను కొట్టి చూడండి, సాగుతుందే తప్ప పగలదు.

సోడియం నీళ్లు తగిలితే మండిపోయే లోహం, కిరోసిన్‌లో దాచాలి. క్లోరిన్ విషవాయువు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దాన్నే. ఈ రెండూ కలిసినదాన్ని మనం పప్పన్నంలో కలుపుకుంటున్నాం.

బడిలో చెప్పే కథ తెలిసిందే. సోడియం బయటి కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ, క్లోరిన్‌కు ఒకటి తక్కువ. ఇది దానమిస్తుంది, అది పుచ్చుకుంటుంది. మాకూ అలాగే చెప్పారు. కానీ సోడియం కర్ణుడేమీ కాదు. దాని ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి మోల్‌కు 496 కిలోజౌళ్లు ఖర్చవుతుంది. క్లోరిన్ దాన్ని అందుకున్నప్పుడు తిరిగొచ్చేది 349. చేతులు మారడం వరకే చూస్తే 147 నష్టం!

లాభమంతా ఆ తర్వాతే. ఎలక్ట్రాన్ పోయి ధనావేశం మిగిలిన సోడియం, ఎలక్ట్రాన్ చేరి రుణావేశం వచ్చిన క్లోరిన్ ఇప్పుడు అయాన్లు. ఇవి ఒకదాన్నొకటి లాక్కుని స్ఫటికంగా పేరుకుంటే 787 కిలోజౌళ్లు విడుదలవుతాయి. అయానిక బంధమంటే ఈ ఆకర్షణే.

ఆ స్ఫటికంలో జంటలు లేవు. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ప్రతి క్లోరిన్ చుట్టూ ఆరు సోడియాలు. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్-కిరణాలతో ఈ అమరికను తేల్చారు. పద్నాలుగేళ్ల తర్వాత కూడా హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పెద్దాయనకు ఇది మింగుడుపడలేదు. ఈ చదరంగపు గళ్లేమిటని 'నేచర్' పత్రికకు ఘాటుగా లేఖ రాశారు. పాపం, గళ్లే నెగ్గాయి.

దెబ్బకు ఉప్పు పగిలేది కూడా అందుకే. ఒక వరుస ఒక్క గడి జరిగితే చాలు, సోడియానికి ఎదురుగా సోడియం, క్లోరిన్‌కు ఎదురుగా క్లోరిన్ వచ్చి నిలుస్తాయి. ఒకే ఆవేశం కాబట్టి తోసుకుంటాయి. రాయి ఆ వరుస వెంబడే చీలుతుంది.

దిష్టి తీసి నిప్పుల్లో వేసిన ఉప్పు చిటపటలాడటం వేరే సంగతి. మడిలో పెరిగేటప్పుడు రాయిలో చిక్కుకున్న ఉప్పునీరు ఆవిరై దాన్ని పేల్చేస్తుంది. ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి.

చారులో వేస్తే మాత్రం క్షణాల్లో కరుగుతుంది. నీటి అణువులు చుట్టుముట్టి ఒక్కో అయాన్‌నూ విడదీస్తాయి. అక్కడినుంచి సోడియం దారి సోడియానిది, క్లోరిన్ దారి క్లోరిన్‌ది. రక్తపోటుకు సంబంధించి డాక్టర్లు ఎక్కువగా లెక్కచూసేది సోడియాన్నే. చిప్స్ ప్యాకెట్ మీద రాసేదీ దాని బరువే. ఆ అంకెను రెండున్నరతో హెచ్చిస్తే అందులో ఎంత ఉప్పుందో తెలుస్తుంది. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.