బండికి ఏం బిగించాలి, దండు ఎక్కడ ఆగాలి

ఆదివారం తెల్లవారుజామున హనుమకొండ నుంచి ములుగు దారి పట్టిన బుల్లెట్ల వరుసను చూసి చాయ హోటల్ ముందు నిలబడ్డవాళ్లు రెండు మాటలంటారు. "ఎంత మంచిగున్నయో బండ్లు" అనేది ఒకటి. "ఏం చప్పుడురా నాయనా" అనేది రెండోది. రెండూ నిజమే. బండిని మనసుకు నచ్చినట్టు మార్చుకోవాలనే ఇష్టం, పదిమందితో కలిసి ఒక మంచిపనికి బయలుదేరాలనే ఇష్టం ఈ పిల్లల్లో కలిసే పెరుగుతున్నాయి. నాకు ఆ రెండిష్టాల మీదా గౌరవం ఉంది. అందుకే రెంటినీ ఎలా చేస్తే నిలుస్తాయో విడమరచి చెప్పాలనిపించింది.

ముందు చట్టం. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండి మార్పుల గురించి చెబుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో రాసి ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చకూడదన్నది దాని సారం. బండి నిర్మాణంలో మార్పు చేసి, దాని మూల స్వభావమే మారిపోతే దాన్ని 'ఆల్టరేషన్' అంటారని అదే సెక్షన్ వివరిస్తుంది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాటను గుర్తుంచుకోండి. ఛాసిస్ కోసి పొట్టిగా చేయడం, వేరే రకం బండి ఇంజిన్ ఎక్కించడం, నంబర్ ప్లేటును మడిచి సీటు కింద దాచడం ఏ రకంగానూ కుదరవు. రంగు పూర్తిగా మార్చాలంటే రవాణా శాఖకు చెప్పి ఆర్సీలో రాయించుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ సైలెన్సర్ దగ్గరే. కొత్త బండి కొన్న వారానికే కంపెనీ సైలెన్సర్ విప్పి, లోపల అడ్డుపలకలు లేని గొట్టం బిగించేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే పవర్ పెరుగుతుందని షెడ్డులో చెబుతారు. ఒకప్పటి కార్బురేటర్ బండిలో జెట్ మార్చి, గాలీ పెట్రోలూ సరిచూసుకుంటే ఎంతో కొంత తేడా కనిపించేదేమో. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో పెట్రోలు ఎంత చిమ్మాలో ఒక చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ దానికి కబురు పంపుతుంటుంది. గొట్టం మారిస్తే ఆ కబురు తప్పొచ్చు. గాలి ఎక్కువై, పెట్రోలు చాలక ఇంజిన్ వేడెక్కొచ్చు. పైగా విషవాయువులను శుద్ధిచేసే కన్వర్టర్ సైలెన్సర్‌లోనే ఉన్న బండ్లలో అది కూడా మూలకు చేరుతుంది. అంటే చప్పుడు పెరిగినంతగా బలం పెరగదు, పొగ మాత్రం పెరగొచ్చు.

చప్పుడుకూ లెక్క ఉంది. 175 సీసీ దాటిన బండి ఫ్యాక్టరీలో 80 డెసిబెల్స్ మించకూడదు. 80 నుంచి 175 సీసీ లోపు వాటికి ఆ హద్దు 77. పది డెసిబెల్స్ పెరగడమంటే శబ్దశక్తి పదింతలు కావడం. చెవికి అది దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. శబ్దం, పొగ హద్దులు దాటితే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. అలా పట్టుకున్న సైలెన్సర్లను మన రాష్ట్రాల పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించిన ఫొటోలు చూసే ఉంటారు.

ఇక షెడ్డులో ఎవరూ చెప్పని కొన్ని సంగతులు. హ్యాండిల్‌ను నాలుగంగుళాలు పైకి లేపితే ఎక్స్‌లేటర్ వైరు, క్లచ్ వైరు, బ్రేకు గొట్టాల పొడవు చాలదు. బండి తిన్నగా ఉన్నప్పుడు ఇది తెలియదు. యూటర్న్‌లో హ్యాండిల్ చివరిదాకా తిరిగినప్పుడు వైరు బిగుసుకుని, చెయ్యి తిప్పకుండానే ఇంజిన్ రేజ్ అవుతుంది. షెడ్డు నుంచి బండి తెచ్చుకునే ముందు మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, హ్యాండిల్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పి చెవి పెట్టి వినండి. శబ్దం మారితే ఆ బండిని ఎక్కకండి.

అదనపు లైట్లు బిగించేటప్పుడు రిలే అడగండి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును తెరిచే తలుపు. అది లేకపోతే భారమంతా సన్నటి స్విచ్ వైరు మీద పడి, ఏ రాత్రో అది కాలుతుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు కూడా ఉండాలి. ఆ తెల్లటి లైట్లను కిందికి వంచి పెట్టించుకోండి. ఎదురొచ్చే లారీ డ్రైవరుకు కళ్లు కనిపించకపోతే ముందు నష్టపోయేది మనమే.

అందం కోసం చాలామంది మొదట పీకేసేది శారీ గార్డు. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే ఆ రక్షణ తప్పనిసరి అని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వది చెబుతోంది. చున్నీ కొస చక్రంలో పడి వెనక కూర్చున్న మనిషి కిందికి లాగబడటానికి ఒక్క క్షణం చాలు. అమ్మనో చెల్లెనో ఎక్కించుకునే బండికి అది లేకపోవడాన్ని నేను అందంగా చూడలేను.

మరి బండిని మనదిగా చేసుకోవడానికి మిగిలిందేమిటి? చాలానే ఉంది. వరంగల్ చుట్టూ ఉన్నంత చేతిపని ఎన్ని ఊళ్ల చుట్టూ ఉంటుంది! కొత్తవాడలో నేసే వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ దరీతో సీటు కవరు, పక్క సంచులు కుట్టించుకోవచ్చు. సంచి సైలెన్సర్‌కూ చక్రానికీ తగలకుండా లోపల ఇనుప ఫ్రేము పెట్టించాలి, అంతే. హైదరాబాద్ దారిలో జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు మీద ఉలితో బొమ్మ లేపే పనివాళ్లున్నారు. ట్యాంకు పక్కన బిగించే చిన్న ఇత్తడి బిళ్లకు వాళ్లకన్నా మంచి చేతులు దొరకవు. ఒకప్పుడు మన జిల్లాలోనే ఉన్న చేర్యాల నకాషీ బొమ్మలు ట్యాంకు అంచున ఎంత ముచ్చటగా ఉంటాయో ఊహించండి. అయితే ఆ చిత్రకారులు తరతరాలుగా వేస్తున్నది చింతగింజల అంబలి, సుద్ద పూసిన గుడ్డ మీద. ఇనుము మీద ఆ రంగు నిలవదు, పెట్రోలు చుక్క పడితే కరుగుతుంది. ఎనామిల్ రంగుతో వేయించి, పైన పెట్రోలును తట్టుకునే పారదర్శక పూత పట్టించాలి. దూరదేశపు బండిని చూసి కాపీ కొట్టిన పుర్రె స్టిక్కరు కన్నా ఇది వెయ్యి రెట్లు మనది. మీ డబ్బు కూడా మన మగ్గానికి, మన కొలిమికి చేరుతుంది.

ఇప్పుడు రైడ్ సంగతి. మంచిపని కోసం గుంపుగా బండ్లు కదలడం ప్రపంచమంతటా ఉంది. 2012లో సిడ్నీలో మార్క్ హవా మొదలుపెట్టిన 'డిస్టింగ్విష్డ్ జెంటిల్మెన్స్ రైడ్' మొదటి ఏడాదే 64 నగరాల్లో 2,500 మందితో నడిచింది. సూటు బూటు వేసుకుని పాత తరహా బండ్లు నడుపుతూ మగవాళ్ల మానసిక ఆరోగ్యం కోసం, ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధన కోసం చందాలు పోగుచేస్తారు.

మన దగ్గరి ఉదాహరణలు నాకు ఇంకా విలువైనవి. హైదరాబాద్ అమ్మాయి సనా ఇక్బాల్ 2015లో బుల్లెట్ మీద ఒంటరిగా దేశం చుట్టడానికి బయలుదేరింది. ఆగిన చోటల్లా విద్యార్థులను కలిసి కుంగుబాటు గురించి, ఆత్మహత్య ఆలోచనల గురించి మాట్లాడింది. 2017లో రోడ్డు ప్రమాదంలో ఆమె మనకు దూరమైంది. 2018లో జై భారతి, పియా బహదూర్, శిల్పా బాలకృష్ణన్, పోలీసు శాఖకు చెందిన శాంతి కలిసి తెలంగాణ పర్యాటక శాఖ అండతో మెకాంగ్ నది దేశాల దాకా ఆరు దేశాల్లో సుమారు 17,000 కిలోమీటర్లు తిరిగొచ్చారు. ఆ తర్వాత జై భారతి చేసిన పని నాకు మరీ నచ్చింది. ఆడవాళ్లకు బండి నేర్పించే 'మోవో' సంస్థను పెట్టింది. యాత్ర ముగిసింది. నేర్పే పని మాత్రం మిగిలింది.

ఒక ఛారిటీ రైడ్‌ను నేను చివరికి ఏం మిగిలిందన్న ఈ కొలతతోనే చూస్తాను. లెక్క వేద్దాం. హనుమకొండ నుంచి రామప్ప గుడికి పోయి రావడం సుమారు 140 కిలోమీటర్లు. లీటరుకు 35 వచ్చే బండికి నాలుగు లీటర్లు. 52 బండ్లు కదిలితే 208 లీటర్లు, అంటే 20,000 రూపాయల పైచిలుకు. చివర్లో పంచింది ఐదువేల రూపాయల బిస్కెట్లు, పండ్లు అయితే సాయం కన్నా పెట్రోలే నాలుగింతలు. అందుకే ముందుగా ఒక బడికో ఆశ్రమానికో వెళ్లి ఏం కావాలో అడగండి. తలా ఎంత వేస్తారో రాసుకోండి. ఇచ్చినదానికి రసీదు తీసుకుని అందరికీ చూపించండి.

దారిలో పద్ధతి కూడా అంతే ముఖ్యం. ఏడెనిమిది మందికి మించి ఒక గుంపు వద్దు. 52 మంది ఒకే తోకగా పోతే ఆర్టీసీ బస్సు దాటలేదు. ఒకరు రోడ్డు మధ్య గీతవైపు, వెనకవారు ఎడమ అంచువైపు, ఇలా ఏటవాలుగా నడవాలి. ముందు బండి కిలోమీటరు రాయి దాటాక మీరు ఆ రాయిని చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలి. కొత్తగా నేర్చినవారిని నాయకుడి వెనకే పెట్టాలి. పంక్చరు సామాను, మందుల పెట్టె ఉన్న అనుభవజ్ఞుడు అందరి చివర రావాలి. మలుపుల్లో జంటగా పోవద్దు. కోతల కాలంలో ఆత్మకూరు, మల్లంపల్లి దాటి ఊరి రోడ్లలోకి దిగాక వడ్లు ఆరబోసి ఉంటాయి. కుప్ప చుట్టూ రాళ్లుంటాయి. చీకటిలో నల్లటి టార్పాలిన్ కనిపించదు. కాబట్టి తెల్లారాకే బయలుదేరండి. చౌరస్తా దగ్గర అడ్డం నిలబడి మిగతా వాహనాలను ఆపే అలవాటు అసలే వద్దు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి అంబులెన్సులు వచ్చేది ఈ దారినే.

ఒక సూచన చేసి ఆగుతాను. రక్తదాన శిబిరమంటే అందరం ఒకేరోజు పడుకుని రక్తం ఇచ్చి ఫొటో దిగడమని అనుకుంటాం. కానీ నిల్వ చేసిన ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులే ఉంటాయి. తలసీమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, ఏడాది పొడవునా రక్తం ఎక్కించాలి. మగవాళ్లు 90 రోజులకోసారి ఇవ్వొచ్చు, ఆడవాళ్లు 120 రోజులకోసారి. మన 52 మందీ మగవాళ్లే అనుకుంటే, వారానికి నలుగురు చొప్పున వంతులు వేసుకోండి. పదమూడు వారాలు, అంటే 91 రోజులు నడుస్తుంది. పద్నాలుగో వారానికి మొదటి నలుగురూ మళ్లీ సిద్ధం. రక్తం ఇచ్చిన రోజు దూరప్రయాణం పెట్టుకోకండి. రామప్ప దగ్గర చెట్టు నీడన కూర్చున్నప్పుడు ఒక కాగితం తీసి, ఏ వారం ఎవరి వంతో రాసుకుని తిరిగి రండి. దాన్ని సోమవారం బ్లడ్‌బ్యాంకులో ఇవ్వండి.